అటెన్‌బరో అనే ఇంటిపేరు ఎక్కడ పుట్టింది?

(నాటింగ్‌హామ్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాల సమావేశంలో ఇచ్చిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే, అయితే మొదలుపెడతాను.

అటెన్‌బరో అనగానే మీకు ఎవరు గుర్తొస్తారు? పిల్లలేమో డేవిడ్ అంటున్నారు, పెద్దవాళ్లు రిచర్డ్ అంటున్నారు. రెండూ కరెక్టే. గాంధీగారి మీద సినిమా తీసి, దానికి ఎనిమిది ఆస్కార్లు వస్తే, 1983లో మన ప్రభుత్వం ఇచ్చిన పద్మభూషణ్ అందుకున్నది అన్న రిచర్డ్. అడవుల గురించి, జంతువుల గురించి టీవీలో మనందరికీ చెప్పే ఆ గొంతు తమ్ముడు డేవిడ్‌ది. వాళ్లకి ఇంకో తమ్ముడు ఉండేవాడు, జాన్ అని, కార్ల వ్యాపారంలో పనిచేశాడు. సరే, ఇప్పుడు ఇంకొకటి అడుగుతాను. ఈ కుటుంబం కాకుండా ఇంకో అటెన్‌బరో పేరు చెప్పండి. ఆఫీసులో గానీ, పిల్లల స్కూల్లో గానీ, వీధిలో గానీ. ఎవరికీ తట్టడం లేదు కదా? అదే స్మిత్ అంటే మీలో ప్రతి ఒక్కరూ నలుగురి పేర్లు చెప్పేస్తారు. అంత అరుదైన పేరు ఇది. ప్రపంచమంతా విన్న పేరు, కానీ ఆ పేరున్న మనిషి ఎదురుపడడం మాత్రం చాలా తక్కువ.

మరి ఈ పేరు ఎక్కడిది? ఈ ప్రశ్నకి జవాబు మనం కూర్చున్న చోటికి దగ్గర్లోనే ఉంది. బీస్టన్ దాటాక రైల్వే స్టేషన్ ఏమిటి? అటెన్‌బరో. మనలో చాలామంది శని ఆదివారాల్లో పిల్లల్ని తీసుకెళ్లి బాతులు, హంసలు చూపించేది అక్కడే. ఆ చెరువుల పక్కన నడుస్తుంటే ఒకవైపు సెయింట్ మేరీ చర్చి శిఖరం కనిపిస్తుంది, ఇంకోవైపు దూరంగా రాట్‌క్లిఫ్ థర్మల్ స్టేషన్ కూలింగ్ టవర్లు. 2024 సెప్టెంబర్‌లో మూతపడింది చూడండి, ఈ దేశంలో చిట్టచివరి బొగ్గు కరెంటు కేంద్రం, అదే. ఆ చెరువులు సహజంగా ఏర్పడినవి కావు. ట్రెంట్ నది ఒడ్డున 1929 నుంచి కంకర తవ్వారు. తవ్విన గుంతల్లోకి నీళ్లు చేరాయి, పక్షులు రావడం మొదలైంది, దాన్ని కాపాడుకోవాలని స్థానికులు పట్టుబట్టారు. 1966లో పక్షుల సంరక్షణ కేంద్రంగా తెరిచారు. తెరిచింది ఎవరు? డేవిడ్ అటెన్‌బరో. అందుకే చాలామంది ఆ చోటికి ఆయన పేరు పెట్టారని అనుకుంటారు. జరిగింది దానికి తిరగబడి ఉంది. ఆ ఊరు ఆయన కంటే కనీసం ఎనిమిది వందల ఏళ్లు పెద్దది. ఊరి పేరే ఆయన వంశానికి వచ్చింది. అంటే ఆ రోజు ఆయన రిబ్బన్ కత్తిరించింది తన ఇంటిపేరు పుట్టిన ఊళ్లోనే.

ఊరి పేరు సంగతి ముందు చూద్దాం. అటెన్‌బరో చివర్లో ఉన్న 'బరో' మీకు ఇంకా చాలా ఊళ్లలో కనిపిస్తుంది. స్కార్‌బరో, పీటర్‌బరో, ఇక్కడ పక్కనే లఫ్‌బరో. పాత ఇంగ్లీషులో 'బుర్హ్' అంటే చుట్టూ కట్టడం ఉన్న చోటు, కోట అనుకోండి, కోట అంటే మన గోల్కొండ లాంటిది కాదు, మట్టికట్ట, కందకం, దాని మీద కర్రల దడి, అంతవరకే. దానికి ముందున్నది ఒక మనిషి పేరు. అడ్డ అనో, ఎడ్డి అనో పిలిచే ఒక ఆంగ్లో-శాక్సన్ పెద్దమనిషి. ఆయన కట్టుకున్న కోట, ఆయన కోట ఉన్న ఊరు. ఆయన ఎవరు, ఏం చేశాడు, ఏదీ మనకి మిగల్లేదు. పేరులో మొదటి ముక్క ఒక్కటే మిగిలింది. 'డ' కాస్తా నోళ్లలో నాని 'ట' అయింది.

ఆ ఊళ్లో పుట్టిన ఇంకో మనిషిని కూడా చెప్పాలి. హెన్రీ ఐర్టన్. 1611లో అక్కడి సెయింట్ మేరీ చర్చిలోనే బాప్టిజం ఇచ్చారు. రాజు మీద యుద్ధం చేసిన పార్లమెంటు పక్షం నాయకుడు క్రామ్‌వెల్‌కి అల్లుడు, ఆ పార్లమెంటు సైన్యంలో జనరల్, మొదటి చార్లెస్ రాజుకి మరణశిక్ష వేసిన కాగితం మీద సంతకం పెట్టినవాళ్లలో ఒకడు. 1651లో ఐర్లండ్‌లో జబ్బు చేసి చనిపోతే, రాచరికం మళ్లీ వచ్చాక 1661లో ఆయన శవాన్ని సమాధిలోంచి తవ్వి తీసి ఉరికంబానికి వేలాడదీశారు. ఇదెందుకు చెప్తున్నానంటే, ఐర్టన్ అనేది కూడా ఊరి పేరే, పక్కన డెర్బీషైర్‌లో ఉంది ఆ ఊరు. చూడండి, అటెన్‌బరోలో ఉన్న కుటుంబానికి ఐర్టన్ అనే పేరు. మరి అటెన్‌బరో అనే పేరున్నవాళ్లు ఎక్కడున్నారు?

ఇక్కడ కొంచెం ఆగండి, ఇది ముఖ్యమైన విషయం. ఊరి పేరు ఇంటిపేరు ఎప్పుడవుతుంది? ఊళ్లో ఉన్నంత కాలం కాదు, ఊరు వదిలాక. ఆలోచించండి, అటెన్‌బరోలో ఉన్న వాళ్లందరూ అటెన్‌బరో వాళ్లే, అక్కడ జాన్‌ని 'అటెన్‌బరో జాన్' అంటే ఏ జాన్ అని ఎవరికి తెలుస్తుంది? అదే ఆ జాన్ నాలుగు మైళ్ల అవతల ఇంకో ఊరికి వెళ్లి స్థిరపడితే, ఆ ఊళ్లో అప్పటికే ముగ్గురు జాన్‌లు ఉంటే, అప్పుడు ఇతను 'ఆ అటెన్‌బరో నుంచి వచ్చిన జాన్' అవుతాడు. మన దగ్గరా అంతే కదా. తాడేపల్లి వారు, కొండపల్లి వారు, వేమూరి వారు... ఏదో ఒక తరంలో ఆ ఊరు వదిలి వచ్చినవాళ్ల పిల్లలే వీళ్లంతా. మనలో ఒకే ఇంటిపేరు వేరువేరు కులాల్లో కనపడడానికి కూడా కారణం ఇదే, ఒకే ఊరి నుంచి ఒకరికొకరు ఏమీ కాని కుటుంబాలు బయల్దేరాయి, చేరిన చోట అందరికీ ఆ ఊరి పేరే అంటుకుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, అటెన్‌బరో విషయంలో మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇంగ్లండ్‌లో ఇంటిపేర్లు ఎప్పుడు మొదలయ్యాయి? 1066లో ఫ్రాన్స్ వైపు నుంచి నార్మన్లు వచ్చి ఈ దేశాన్ని గెలుచుకునేదాకా ఇక్కడి జనానికి ఒకే పేరు. నార్మన్ ప్రభువులు తమ భూముల పేర్లు తగిలించుకొని వచ్చారు, ఎందుకంటే ఆ భూమి కొడుక్కి రావాలి, పేరు ఉంటే హక్కు చెప్పుకోవడం తేలిక. అక్కణ్ణుంచి ఆ అలవాటు మెల్లగా కిందికి దిగింది. మామూలు రైతుకి ఇంటిపేరు స్థిరపడడానికి రెండు మూడు వందల ఏళ్లు పట్టింది. ఈలోగా ఇంకోటి కూడా జరిగింది. నార్మన్లు వచ్చాక అందరూ పిల్లలకి అవే నాలుగు పేర్లు పెట్టడం మొదలుపెట్టారు, జాన్, విలియం, రాబర్ట్, రిచర్డ్. ఊళ్లో పదిమంది విలియంలు ఉంటే పన్ను రాసుకునేవాడికి ఎంత టెన్షన్! 1377, 1379, 1381లో తలపన్ను వేశారు, ఆ మూడోసారి జనం తిరగబడ్డారు కూడా. ఆ పన్ను చిట్టాలు ఈ రోజుకీ ఉన్నాయి. వాటిలో చూస్తే ఎవరు కమ్మరి, ఎవరు పొట్టివాడు, ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారు అని పేరు పక్కన రాసి ఉంటుంది. 1400 నాటికి ఇంగ్లండ్‌లో చాలా కుటుంబాలకి తండ్రి నుంచి కొడుక్కి వచ్చే ఇంటిపేరు ఉంది.

ఇప్పుడు ఒక చిక్కు. అటెన్‌బరో అనే ఇంటిపేరు ఆ ఊరి నుంచే వచ్చిందని కచ్చితంగా చెప్పగలమా? నిఘంటువులు రాసినవాళ్లు రెండో దారి కూడా చూపిస్తారు. అప్పటి ఇంగ్లీషులో 'అటెన్' అంటే 'ఫలానా దాని దగ్గర' అని. చెట్టు దగ్గర ఇల్లుంటే 'అటెన్ యాష్', అది అరిగి అరిగి 'నాష్' అయింది. ఓక్ చెట్ల దగ్గరుంటే 'అటెన్ ఓక్స్', అది 'నోక్స్'. మనందరం హిస్టరీలో చదువుకున్న అట్లీ, 1947లో మనకి స్వాతంత్ర్యం ఇచ్చినప్పటి ప్రధానమంత్రి, ఆ పేరూ ఇలాంటిదే, అడవి నరికి చదును చేసిన 'లీ' దగ్గర ఉండేవాడు. అలాగే 'అటెన్ బరో', అంటే కోట దగ్గరో, మిట్ట దగ్గరో ఇల్లున్నవాడు. మరి కోటలూ మిట్టలూ ఇంగ్లండ్‌లో ఎన్ని లేవు? అలా వచ్చిన పేరైతే దేశంలో పదిచోట్ల పదిమందికి విడివిడిగా వచ్చి ఉండాలి కదా? ఊరి నుంచి వచ్చిన పేరైతే ఈ చుట్టుపక్కలే గుంపుగా ఉండాలి. మరి ఏది నిజం?

మొదటి ఆధారం మ్యాపు. 1881 జనాభా లెక్కలు పేరుపేరునా కంప్యూటర్లోకి ఎక్కించారు, ఏ ఇంటిపేరు ఏ జిల్లాలో ఎంతమందికి ఉందో చూడొచ్చు. అటెన్‌బరోలు నాటింగ్‌హామ్‌షైర్‌లో, డెర్బీషైర్‌లో ముద్దగా ఉన్నారు. ఇంకా లండన్‌లో కొందరు, వాళ్ల సంగతి వేరే, విక్టోరియా రాణి కాలంలో లండన్‌లో పేరుమోసిన తాకట్టు దుకాణాలు అటెన్‌బరోలవే. మిగతా దేశమంతా దాదాపు ఖాళీ. ఇంతకీ మన డేవిడ్, రిచర్డ్‌ల నాన్న ఫ్రెడరిక్ ఎక్కడ పుట్టాడు? 1887లో, స్టేపుల్‌ఫర్డ్‌లో. ఇక్కడ స్టేపుల్‌ఫర్డ్‌లో ఉండేవాళ్లు చేతులెత్తండి. ఆఁ, మీకు తెలుసు, అక్కణ్ణుంచి అటెన్‌బరోకి కారులో ఎంతసేపు? పది నిమిషాలు. ఆ పేరు పెట్టుకొని ఊరు దాటిన మనిషి వారసులు ఆరేడు వందల ఏళ్లలో, కనీసం ఈ శాఖ వరకు, ఆ చుట్టుపక్కలే ఉన్నారు. నాకు ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఆ దారిన వెళ్లిన ప్రతిసారీ అదే ఆలోచన.

రెండో ఆధారం రక్తంలో ఉంది. ఇది ఇంకా బాగుంటుంది.

మగవాళ్లలో వై క్రోమోజోమ్ అని ఒకటి ఉంటుంది, పిల్లలకి స్కూల్లో చెప్పే ఉంటారు. అది తండ్రి నుంచి కొడుక్కే వస్తుంది, తల్లి నుంచి రాదు, దాదాపు మార్పు లేకుండా వస్తుంది, ఎప్పుడో కొన్ని తరాలకి ఒక చిన్న మార్పు. ఇక ఇంగ్లీషువాళ్ల ఇంటిపేరు ఎలా వస్తుంది? అదీ తండ్రి నుంచి కొడుక్కే. అంటే ఒకే మూలపురుషుడి నుంచి పేరు వస్తే, ఆ పేరున్న మగవాళ్లందరి వై క్రోమోజోమ్ ఒకటే అవ్వాలి. దీన్ని మొదట పరీక్షించింది ఆక్స్‌ఫర్డ్‌లో బ్రయన్ సైక్స్. తన ఇంటిపేరునే తీసుకున్నాడు. సైక్స్ అంటే చిన్న వాగు, యార్క్‌షైర్‌లో వాగుల పక్కన ఉన్నవాళ్ల పేరు, వాగులు బోలెడు కాబట్టి మూలపురుషులు కూడా బోలెడుమంది ఉంటారని అందరూ అనుకున్నారు. 2000 సంవత్సరంలో ఫలితం ప్రచురించాడు. 48 మంది సైక్స్‌లని పరీక్షిస్తే 21 మందికి ఒకటే క్రోమోజోమ్! ఒకరికొకరు చుట్టాలమని తెలియనివాళ్లు.

తర్వాత ఈ పని పెద్ద ఎత్తున చేసింది మన పక్కన లెస్టర్ యూనివర్సిటీలో టూరీ కింగ్, మార్క్ జోబ్లింగ్. 1984లో ఆలెక్ జెఫ్రీస్ డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ కనిపెట్టింది కూడా అక్కడే, కాబట్టి ఆ ఊరికి ఇది కొత్త కాదు. వీళ్లు 2006లో ముందు 150 జంటల మగవాళ్లని తీసుకున్నారు, ప్రతి జంటకీ ఒకే ఇంటిపేరు, కానీ బంధుత్వం ఉన్నట్టు తెలియదు. ఇద్దరికీ దగ్గరి కాలంలో ఒకే పూర్వీకుడు ఉండే అవకాశం సగటున నూటికి 24. పేరు అరుదైనకొద్దీ అది దాదాపు సగానికి వెళ్లింది. 2009లో 40 ఇంటిపేర్లు, 1678 మంది మగవాళ్లతో ఇంకో అధ్యయనం. అందులో స్మిత్‌లు దారిన పోయే ఎవరితోనైనా ఎంత కలుస్తారో వాళ్లలో వాళ్లూ అంతే కలిశారు. ఊరికో కమ్మరి ఉంటాడు, ప్రతి కమ్మరీ ఒక స్మిత్, ఇంకెలా ఉంటుంది? ఇక అటెన్‌బరోలు? నూటికి 70 మందికి పైగా, ఒకటే క్రోమోజోమ్, లేదా దానికి అతి దగ్గరిది. స్పెల్లింగు అటెన్‌బరో అని రాసుకున్నా, అటెన్‌బారో అని రాసుకున్నా, అటెన్‌బర్రో అని రాసుకున్నా. 1538లో చర్చిల్లో పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు రాయమని ఆర్డర్ వచ్చినప్పటి నుంచి ఫాదరీ చెవికి ఎలా వినపడితే అలా రాశాడు, అందుకే ఇన్ని స్పెల్లింగులు, ఒకే ఇంట్లో అన్నదమ్ముల స్పెల్లింగు కూడా వేరే ఉండేది.

నూటికి 70! అంటే ఈ పేరున్న మగవాళ్లలో ఎక్కువమంది ఒకే ఒక్క మనిషి వారసులు. ఎవరో తెలియదు, ఏదో ఒక తరంలో ఆ ఊరు వదిలి వచ్చిన ఒక మనిషి.

ఇక్కడ ఒక తొందరపాటు జరుగుతుంది, పేపర్లలో కూడా జరిగింది. 'అయితే ఈ పేరు ఒక్కడితోనే మొదలైందన్నమాట' అనేస్తాం. అలా అనకూడదు. ఇందాక ఏం చెప్పుకున్నాం? ఒకే ఊరి నుంచి చాలామంది బయల్దేరతారు, అందరికీ ఆ పేరే వస్తుంది. మరి మిగతావాళ్లు ఏమయ్యారు? వాళ్ల వంశాలు ఆగిపోయి ఉండొచ్చు. ఇప్పుడు మనకి కనిపించేది మొదలుపెట్టినవాళ్లు కాదండీ, మిగిలినవాళ్లు.

ఇది గణితంలో 150 ఏళ్ల నాటి లెక్క. డార్విన్‌కి వరసకి తమ్ముడయ్యే ఫ్రాన్సిస్ గాల్టన్ 1873లో ఒక పత్రికలో ప్రశ్న వేశాడు, పెద్ద పెద్ద జమీందారీ వంశాల పేర్లు ఎందుకు అంతరించిపోతున్నాయి, వాళ్లలో ఏదో లోపం ఉందా, లేక ఇది మామూలుగా జరిగేదేనా అని. వాట్సన్ అనే ఫాదరీ దానికి లెక్క కట్టి జవాబు పంపాడు, మరుసటి సంవత్సరం ఇద్దరూ కలిసి ప్రచురించారు. లెక్క ఏమిటో కాస్త తేలిక చేసి చెప్తాను, భయపడకండి. జనాభా పెరగదూ, తరగదూ అనుకోండి. అంటే సగటున ప్రతి మగవాడికీ పెద్దయ్యేదాకా బతికే కొడుకు ఒక్కడు. సగటు మాత్రమే ఒకటి, కొందరికి ముగ్గురు, కొందరికి ఇద్దరు, కొందరికి అసలు లేరు, లేదా అందరూ ఆడపిల్లలే. ఇలా యాదృచ్ఛికంగా జరిగితే, వంద మంది వేరువేరు ఇంటిపేర్లతో మొదలుపెడితే, మొదటి తరంలోనే సుమారు 37 పేర్లు పోతాయి. రెండో తరానికి 53. ఐదో తరానికి 73. ఇరవయ్యో తరానికి 91 పేర్లు పోయి తొమ్మిదో, ఎనిమిదో మిగులుతాయి. తరానికి 30 ఏళ్లు వేసుకుంటే ఇరవై తరాలంటే ఎంత? 600 ఏళ్లు. దీనికి పైన 1348లో వచ్చిన ప్లేగు, ఊళ్లకి ఊళ్లు తుడిచిపెట్టింది. కాబట్టి ఒక అరుదైన ఇంటిపేరు ఈ రోజు కనపడుతోందంటే దాని వెనక ఎన్నో చచ్చిపోయిన శాఖలున్నాయి. ఎవరో ఒకతనికి నలుగురు కొడుకులు బతికారు, పక్కింటివాడికి నలుగురూ ఆడపిల్లలు. ఇందులో గొప్ప వంశం, తక్కువ వంశం ఏమీ లేదు. నాకైతే ఈ మొత్తం కథలో అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే, దీన్ని గట్టిగా చెప్పాలనే ఈ రోజు ఇక్కడికి వచ్చాను. ఇంటిపేరు చూసి రక్తం గొప్పది అనుకునేవాళ్లు మన దగ్గరా తక్కువ లేరు కదా.

మరి ఆ మిగతా 30 మంది సంగతేమిటి? అదే పేరు, వేరే క్రోమోజోమ్. వాళ్లు దొంగ అటెన్‌బరోలా? కాదు. పిల్లలు లేక పెంచుకున్నవాళ్లు ఉంటారు, పెళ్లి కాని తల్లి తన పేరునే బిడ్డకి ఇచ్చి ఉంటుంది, మామగారి ఆస్తి కోసం మామగారి పేరు పెట్టుకున్న అల్లుళ్లు ఉంటారు, ఇంట్లో ఎవరికీ తెలియకుండా తండ్రి వేరే అయిన సందర్భాలూ ఉంటాయి. లెస్టర్ వాళ్ల లెక్క ప్రకారం ఇలాంటివన్నీ కలిపి తరానికి నూటికి 1 నుంచి 4.5 మధ్య. చాలా తక్కువ అనిపిస్తుంది, కానీ ఇరవై తరాలు గుణించుకుంటూ పోండి, పెద్దదే అవుతుంది. రాజుల ఇళ్లలో కూడా. 2012లో లెస్టర్ కార్ పార్కు కింద మూడో రిచర్డ్ ఎముకలు దొరికాయి, మీలో చాలామంది ఆ మ్యూజియం చూసే ఉంటారు. ఆ పరీక్షలు చేసింది ఇదే టూరీ కింగ్. ఆడవాళ్ల వైపు నుంచి వచ్చే డీఎన్ఏ ఇప్పుడున్న బంధువులతో చక్కగా కలిసింది. మగవాళ్ల వైపు, అదే వంశం అని కాగితాల్లో ఉన్న ఐదుగురిని పరీక్షిస్తే ఒక్కరితోనూ కలవలేదు. ఆ ఐదుగురిలో నలుగురు ఒకటి, ఐదోవాడు వేరు. అంటే ఎక్కడో ఒకచోట కాదు, కనీసం రెండుచోట్ల గొలుసు తెగింది. కాగితం ఒకటి చెప్పింది, ఎముక ఇంకోటి చెప్పింది.

ఇంకో అరుదైన పేరు, రెవిస్. యార్క్‌షైర్‌ది. 2007లో ఇదే బృందం 18 మంది రెవిస్‌లని చూస్తే వాళ్లలో ఏడుగురికి పశ్చిమ ఆఫ్రికాలో తప్ప దాదాపు ఎక్కడా కనపడని వై క్రోమోజోమ్. మనుషులు చూస్తే మామూలు యార్క్‌షైర్ తెల్లవాళ్లు, ఆఫ్రికా ఊసే వాళ్లకి తెలియదు. చర్చి రికార్డులు పట్టుకొని వెనక్కి వెళితే ఆ ఏడుగురూ రెండు కుటుంబాల్లో సర్దుకున్నారు, ఆ రెండిటి జాడా పద్దెనిమిదో శతాబ్దం చివరి నాటి యార్క్‌షైర్ దాకా దొరికింది, అంతకు ముందు ఎక్కడో కలుస్తాయి. ఆ ఆఫ్రికా మనిషి ఎప్పుడు వచ్చాడు? రోమన్ల కాలంలో హేడ్రియన్ గోడ దగ్గర ఉత్తర ఆఫ్రికా సైనికులు ఉండేవారు, ఆ తర్వాత బానిస వ్యాపారం కాలంలో వచ్చినవాళ్లున్నారు. ఏ దారైనా, ఒక మనిషి ఇక్కడ కలిసిపోయాడు, అతని పిల్లల పిల్లలు యార్క్‌షైర్ రైతులైపోయారు. 'అసలు ఇంగ్లీషువాడు' అని ఎవరైనా మాట్లాడినప్పుడు నాకు ఈ రెవిస్‌లే గుర్తొస్తారు. ఇక్కడ పుట్టిన మన పిల్లలకి కూడా ఈ కథ తెలియాలి.

మళ్లీ అటెన్‌బరోకి వద్దాం. డేవిడ్, రిచర్డ్‌ల నాన్న ఫ్రెడరిక్ గురించి ఇందాక అనుకున్నాం కదా. ఆయన ఏం చదివాడో తెలుసా? పాత ఇంగ్లీషు! కేంబ్రిడ్జ్‌లో ఆంగ్లో-శాక్సన్ కాలం మీద పనిచేశాడు, తొలి ఇంగ్లీషు రాజుల చట్టాలని అనువదించి 1922లో పుస్తకంగా తెచ్చాడు. అంటే తన ఇంటిపేరులో ఉన్న 'బుర్హ్' ఏ భాషదో ఆ భాష పండితుడు ఆయన. 1932లో లెస్టర్ యూనివర్సిటీ కాలేజీకి ప్రిన్సిపాల్ అయి 1951 దాకా ఉన్నాడు. పిల్లలు ముగ్గురూ ఆ క్యాంపస్‌లోనే పెరిగారు. ఆ కాలేజీయే 1957లో పూర్తి యూనివర్సిటీ అయింది. ఆయన నడిపిన చోటే, ఆయన పోయిన చాలా ఏళ్లకి, ఆయన ఇంటిపేరున్న మగవాళ్ల లాలాజలం గొట్టాల్లోకి వచ్చి చేరింది.

చివరగా ఒక మాట. ఇప్పటిదాకా చెప్పిందంతా మగవాళ్ల లెక్క. పేరు మగవాళ్లది, క్రోమోజోమ్ మగవాళ్లది. రిచర్డ్, డేవిడ్‌ల అమ్మ మేరీ క్లెగ్. ఆవిడ నాన్న శామ్యూల్ క్లెగ్, ఇక్కడే లాంగ్ ఈటన్‌లో హైస్కూల్ హెడ్‌మాస్టర్. స్పెయిన్ అంతర్యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన బాస్క్ పిల్లల కోసం ఆవిడ తిరిగి పనిచేసింది. 1939లో బెర్లిన్ నుంచి వచ్చిన ఇద్దరు యూదు అక్కచెల్లెళ్లని ఇంట్లో పెట్టుకొని యుద్ధం అయ్యేదాకా సొంత పిల్లలతో సమానంగా పెంచారు. డేవిడ్‌లో, రిచర్డ్‌లో సగం ఆవిడే కదా? కానీ క్లెగ్ అనే పేరు ఆ పిల్లల దగ్గరికి రాలేదు. ఇరవై తరాలు వెనక్కి వెళితే పది లక్షల పైచిలుకు పూర్వీకుల స్థానాలు ఉంటాయి ఒక్కో మనిషికి, అందులో ఇంటిపేరు పట్టుకొని వెళ్లే దారి ఒకే ఒక్కటి.

ప్రశ్నలుంటే అడగండి.

ఆఁ, ఆవిడ అడుగుతున్నది, ఇప్పుడు ఈ పేరు అంతరించిపోయే ప్రమాదం ఉందా అని. మంచి ప్రశ్న. ఇందాకటి లెక్కలో ప్రమాదం అంతా మొదటి కొన్ని తరాల్లోనే ఉంది, అప్పుడు ఒక్కడో ఇద్దరో ఉంటారు కాబట్టి. ఒకసారి వందల్లోకి వెళ్లాక పోవడం కష్టం. అదీగాక ఇప్పుడు ఆడపిల్లలు పెళ్లయినా పేరు మార్చుకోవడం లేదు, పిల్లలకి రెండు పేర్లూ కలిపి పెడుతున్నారు, కాబట్టి పాత లెక్క సరిపోదు కూడా. ఒక ఇంటిపేరు మీదే ఏళ్ల తరబడి పనిచేసే ఔత్సాహికులు ఈ దేశంలో చాలామంది ఉన్నారు, 1979 నుంచి వాళ్లకి ఒక సంఘమే ఉంది, చర్చి రికార్డులు, వీలునామాలు, సమాధి రాళ్లు అన్నీ ఆ ఒక్క పేరు కోసం వెతుకుతారు. ఎవరికైనా ఆసక్తి ఉంటే బయట టీ దగ్గర కలవండి, నాటింగ్‌హామ్ ఆర్కైవ్స్‌లో పారిష్ రిజిస్టర్లు ఎలా చూడాలో చెప్తాను.